కారు ఎక్కడ పెట్టావక్కా?

పోయిన నెలలో ఒక ఆదివారం నడకకి వెళ్లొచ్చి, నాలుగు ఫోటోలు ఇంటివాళ్ల గ్రూపులో పెట్టాను. ఒక వాగు, దాని మీద చెక్క వంతెన, గాలికి ఒకే పక్కకి వాలిపోయిన గడ్డి, ఆఖర్న ఒక చిన్న స్టేషన్లో ఖాళీ బెంచీ. ఐదు నిమిషాలు తిరక్కుండా మా బాబాయి కొడుకు అడిగాడు: "భలే ఉందక్కా. వచ్చే వారం మేమూ వెళ్తాం. కారు ఎక్కడ పెట్టావు? లొకేషన్ పంపు."

ఏం పంపాలో తోచలేదు. పొద్దున దిగిన స్టేషన్ ఒకటి, సాయంత్రం రైలెక్కిన స్టేషన్ ఇంకొకటి. మధ్యలో 13 కిలోమీటర్ల నేల. అందులో కారు పెట్టే చోటు ఎక్కడుందో నేను గమనించనే లేదు. "రైల్లో వెళ్లానురా" అని రాస్తే, "అయ్యో, కారు సర్వీసింగ్‌కి ఇచ్చావా?" అన్నాడు.

వాడి తప్పేం లేదు. నడక అనగానే ఎవరైనా అలాగే ఆలోచిస్తారు. ఒక మంచి చోటు వెతుక్కోవడం, అక్కడిదాకా కారులో పోవడం, దిగి కాసేపు తిరగడం, మళ్లీ కారెక్కడం. నేనూ చాలా ఏళ్లు అలాగే వెళ్లాను. ఇప్పుడు మాత్రం, దగ్గర్లో రైలు ఉండి కూడా నడకకి కారులో వెళ్లేవాళ్లు ఆ నడకలో సగం పోగొట్టుకుంటున్నారని గట్టిగా నమ్ముతున్నాను. పొగ, పెట్రోలు, ట్రాఫిక్ గురించి మాట్లాడబోవడం లేదు. అవి అందరికీ తెలుసు. నేను చెప్పదలచుకున్నది కాళ్ల కింద నేల గురించి. ఒక స్టేషన్లో దిగి ఇంకో స్టేషన్‌కి నడిచినప్పుడు ఆ నేల మనకి వేరేలా అర్థమవుతుంది. వాడికి రెండు ముక్కల్లో జవాబు రాయలేక ఇదంతా రాస్తున్నాను.

గానుగెద్దు దారి

కారులో వెళ్లినవాళ్ల నడకకి ఒక షరతు ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే రావాలి. గుంజకి కట్టిన ఆవు తాడు ఎంత పొడుగుంటే అంత మేరే మేస్తుంది. కారు అలాంటి గుంజ. ఎంత దూరం వెళ్లినా సగం దారిలో మనసు వెనక్కి తిరిగిపోతుంది. వెళ్లిన దారినే రావాలి, లేకపోతే గానుగెద్దులా చుట్టు తిరిగి రావాలి.

చుట్టుదారులు చెడ్డవని అనను. చెరువు చుట్టూ నడిచేటప్పుడు చుట్టు తిరగడమే సరైన దారి. కానీ నేల అంతటా అలా ఉండదు కదా. ఏరు ఒక వైపుకి పోతుంది. లోయ ఒక వైపుకి తెరుచుకుంటుంది. పాత కాలిబాటలన్నీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పడినవే. మొదలైన చోటికే తిరిగి రావడానికి ఎవరూ బాట వెయ్యలేదు. మ్యాపులో ఇవాళ మనం చూసే చుట్టుదారులు చాలావరకు కారు దగ్గరికి తిరిగి రావాలి కాబట్టి రెండు మూడు పాత బాటల ముక్కల్ని అతికించి చేసినవి. నడుస్తుంటే ఆ అతుకు తెలుస్తుంది. చక్కగా పోతున్న బాటని వదిలేసి, ఏ కారణమూ లేకుండా కంచె పక్కన ఎడమకి తిరగాల్సి వస్తుంది. ఆ బాట మాత్రం కొండ దాటి ఎక్కడికో పోతూనే ఉంటుంది.

ఒకసారి ఆ బాటనే పట్టుకుని వెళ్లాను. ఒక లైను మీద స్టేషన్లో దిగి, కొండ దాటి, అవతలి లోయలో ఇంకో లైను మీద స్టేషన్‌కి చేరాలి. ఎక్కుతున్నంతసేపూ బాట పక్కన జానెడు వెడల్పు కాలవ ఒకటి ఎదురొస్తోంది. నీళ్లు పలచగా, చప్పుడు లేకుండా నా బూట్ల పక్కనుంచి కిందికి పోతున్నాయి. పైకి వెళ్లేకొద్దీ కాలవ సన్నబడింది, తర్వాత తడి మన్ను మాత్రమే మిగిలింది, తర్వాత అదీ లేదు. ఓ రెండు వందల అడుగులు పొడి గడ్డిలో నడిచాను. మళ్లీ బూటు కింద మెత్తగా తగిలింది. వంగి చూస్తే గడ్డి పరకల మధ్య నీటి పొర. అది నేను వెళ్లే వైపుకే జారుతోంది. అప్పటిదాకా ఎదురొచ్చిన నీళ్లు అక్కడి నుంచి వెంట వచ్చాయి. నీళ్లు రెండు వైపులకీ విడిపోయే ఆ చోటుని జలవిభాజక రేఖ అంటారని చిన్నప్పుడు భూగోళంలో చదివాను, పటంలో గీశాను. కాళ్లతో దాటింది ఆ రోజే. కారు ఇవతలి వైపు పెట్టి ఉంటే శిఖరం మీద ఫోటో తీసుకుని వెనక్కి తిరిగేదాన్ని. అవతలి నీళ్లు ఎటు పోతాయో నాకు పట్టేది కాదు.

రైలు దారుల్లో నడిచేవాళ్లకి పనికొచ్చే గుణం ఒకటుంది. రైలు నిటారు ఎక్కలేదు. అందుకని పట్టాలు లోయల్ని పట్టుకునే పోతాయి, స్టేషన్లు పల్లంలో ఉంటాయి. అంటే స్టేషన్ నుంచి మొదలైన కొండ నడక దాదాపు ఎప్పుడూ అడుగు నుంచే మొదలవుతుంది. కారు రోడ్డు కనుమ పైదాకా తీసుకెళ్లి, దృశ్యానికి పది నిమిషాల దూరంలో దించుతుంది. దృశ్యం అదే. కానీ కింద చెట్ల నీడలోంచి, పొలాల్లోంచి, చెట్లు పొట్టివయ్యే చోటులోంచి ఒక్కొక్క మెట్టూ పైకి వచ్చినవాడికి ఆ దృశ్యంలో ప్రతి ముక్కా తెలుసు. తను దిగిన స్టేషన్ అదిగో అక్కడ, గీతలాంటి పట్టాల పక్కన గోరంత కనిపిస్తుంది. ఇంగ్లండులో పెన్నైన్ వే అనే 268 మైళ్ల పొడవు కాలిబాట 1965లో తెరిచారు. దాని దక్షిణం కొస ఈడేల్ అనే చిన్న ఊళ్లో ఉంది. అక్కడి స్టేషన్ నుంచి ఆ కొసకి పావుగంట నడక. దేశం వెన్నెముక మీద నడిచే బాట ఒక పల్లె స్టేషన్ దగ్గర మొదలవుతోందన్నమాట.

స్విట్జర్లాండ్ ఈ విషయాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో చూస్తే ముచ్చటేస్తుంది. కాలిబాటల్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదని 1979లో ఓటు వేసి మరీ రాజ్యాంగంలో రాసుకున్నారు. 65,000 కిలోమీటర్లకి పైగా బాటలు, వాటి పొడవునా పసుపు పచ్చ బోర్డులు. చాలా స్టేషన్లలో దిగగానే ఆ పసుపు బోర్డు ఎదురవుతుంది. దాని మీద రాసి ఉండేది కిలోమీటర్లు కాదు, గంటలూ నిమిషాలూ. రైలు పట్టుకోవాల్సినవాడికి కావలసింది అదే కదా.

రైలు వెళ్లిపోయాక

చిన్న స్టేషన్లో ఒంటరిగా దిగడం గురించి కొంచెం చెప్పాలి. తలుపు మూసుకుంటుంది. గార్డు ఊదిన ఈల అవతలి చెట్లకి తగిలి వస్తుంది. ఆఖరి పెట్టె ప్లాట్‌ఫామ్ దాటాక కూడా కాసేపు పట్టాలు సన్నగా మోగుతూనే ఉంటాయి, వేళ్లతో స్టీలు గిన్నె అంచు తట్టినట్టు. బ్రేకుల కాలిన వాసన ఒకటి వచ్చి పోతుంది. ఆ తర్వాత పిట్టలు. నిజానికి అవి ముందు నుంచీ కూస్తూనే ఉండి ఉంటాయి.

కారు దిగినప్పుడు ఇలా జరగదు. కారు అక్కడే ఉంటుంది. కావాలంటే ఐదు నిమిషాల్లో వెనక్కి వచ్చి కూర్చోవచ్చు. చలేస్తే స్వెటరు అందులో ఉంటుంది, విసుగేస్తే పాటలు అందులో ఉంటాయి. రైలు దించి వెళ్లిపోయినప్పుడు మాత్రం ముందుకి నడవడం ఒక్కటే మిగులుతుంది. కావలసినవన్నీ వీపు మీద ఉన్నాయి. నా మటుకు నాకు నడక మొదలయ్యేది ఆ క్షణంలోనే.

స్కాట్లండులో కొరావర్ అనే స్టేషన్ ఉంది. 1894లో తెరిచిన లైను మీద ఉంది, సముద్రమట్టానికి 408 మీటర్ల ఎత్తున రానక్ బీడు మధ్యలో ఉంటుంది. అక్కడికి మామూలు జనం వాడే రోడ్డు లేదు. అన్నిటికన్నా దగ్గరి రోడ్డు కూడా 16 కిలోమీటర్ల దూరం. అలాంటి చోట ఇవాళ్టికీ రైలు ఆగుతుంది, వీపున సంచీ ఉన్న మనుషులు దిగుతారు. బ్రిటన్‌లో ఇంకా కొన్ని స్టేషన్లలో అడిగితేనే రైలు ఆపుతారు. దిగాలంటే ముందుగా గార్డుకి చెప్పాలి. ఎక్కాలంటే ప్లాట్‌ఫామ్ మీద నిలబడి డ్రైవరుకి కనబడేలా చెయ్యి ఊపాలి. ఒక్క మనిషి చెయ్యి ఊపితే అంత రైలూ ఆగడం నాకు చాలా గొప్ప మర్యాదగా అనిపిస్తుంది.

నాలుగు నిమిషాలు

ఇంతవరకూ చెప్పింది బాగున్న రోజుల సంగతి. బాగాలేని రోజు కూడా చెప్పకపోతే అన్యాయం.

రెండేళ్ల కిందట అమ్మని తీసుకుని వెళ్లాను. 14 కిలోమీటర్లు, దారిలో మొత్తం 300 మీటర్ల ఎక్కుడు. 1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. మూడు మైళ్లకి, అంటే సుమారు ఐదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకీ ఇంకో గంట. ఆ లెక్కన మా దారికి 3 గంటల 18 నిమిషాలు. 11:50కి బయల్దేరాం. మా రైలు 4:05కి. దాదాపు గంట చేతిలో ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

నెయిస్మిత్ లెక్క ఆరోగ్యంగా ఉండి, ఆగకుండా నడిచే మనిషికి. అందులో కూర్చోవడం లేదు, తినడం లేదు, గేటు గొళ్లెం తియ్యడానికి పట్టే టైమ్ లేదు. మా అమ్మ ప్రతి గేటు దగ్గరా ఆగి, అది మా వెనక మళ్లీ సరిగ్గా పడిందా లేదా అని లాగి చూసేది. పశువులు బయటికి పోతాయని ఆవిడ భయం. ఒక చోట బాట మీద నీళ్లు నిలిచి పక్క గట్టు మీదుగా చుట్టు తిరిగాం. దిగుడులో అమ్మ మోకాలు పట్టేసింది. ఎక్కడం కష్టమనీ దిగడం తేలికనీ నేననుకున్నాను. ఆ వయసులో అది తిరగబడుతుందని నాకు తట్టలేదు.

4:09కి స్టేషన్ చేరాం. చేరే ముందే చెట్ల సందులోంచి రైలు వెనక ఎర్ర దీపం దూరమవడం కనిపించింది. తర్వాతి రైలు 6:20కి. స్టేషన్ గదికి తాళం. వాన మొదలైంది. పైన కప్పున్న చోటు ఒక్కటే, టికెట్ మెషీన్ ముందున్న రెండు గజాల జాగా. అమ్మ నా సంచీ మీద కూర్చుంది, మోకాలు చాపుకుని. నేను నిలబడ్డాను. "ఫోన్ చేస్తే ఎవరైనా కారేసుకొచ్చేవాళ్లు కదే" అని అమ్మ ఒక్కసారే అంది. ఇంటికి వెళ్లాక వారం రోజులు ఆ మోకాలికి కాపడం పెట్టాను.

కాబట్టి రైలుకి గడువుంటుంది, గడువు తప్పితే ఖరీదుంటుంది అని ఎవరైనా నాతో అంటే నేను కాదనను. నాకు తెలుసు. అయినా ఆ రోజు తప్పు రైలుదని అనలేను. అది చెప్పిన టైముకి వచ్చింది, చెప్పిన టైముకి పోయింది. నేనే నా కాళ్ల లెక్కని అమ్మ కాళ్లకి వేశాను. కారు ఉండి ఉంటే ఆ తప్పు కప్పబడిపోయేది, అంతే. అమ్మ మోకాలు అప్పటికే పట్టేసింది, కారు దగ్గరికి కూడా అదే మోకాలితో నడవాలి.

దీనికి చాలామంది ఒక ఉపాయం చెబుతారు. ముందే రైలెక్కి దూరపు స్టేషన్లో దిగి, మన ఊరి స్టేషన్ వైపు నడుచుకుంటూ రావడం. అప్పుడు సాయంత్రం పట్టుకోవాల్సిన రైలంటూ ఉండదు, ఎప్పుడు చేరితే అప్పుడే. మంచి ఉపాయం. అమ్మతో ఇప్పుడు అలాగే వెళ్తున్నాను, మధ్యలో ఇంకో స్టేషన్ ఉన్న దారే చూసుకుంటున్నాను, అలిసిపోతే అక్కడే ఆపెయ్యడానికి. ఒక్కదాన్నే వెళ్లినప్పుడు మాత్రం రైలు వైపే నడుస్తాను. సాయంత్రం ఒక రైలు మన కోసమన్నట్టు వస్తుందని తెలిసి నడవడంలో ఉన్న ఊపు, ఇంటివైపు నడకలో రాదు. మధ్యాహ్నం ఒంటిగంటకి మ్యాపు తీసి, ఇంకా ఏడు కిలోమీటర్లు, రెండు గంటల ముప్పావు అని చూసుకుని, ఆ రాతి మీద ఇంకో పది నిమిషాలు కూర్చోవచ్చు అని తేల్చుకుంటాం చూడండి, ఆ పది నిమిషాలు నిజంగా మనవి. గడువు లేనప్పుడు అంత స్పష్టంగా ఏ పది నిమిషాలూ మనవి కావు.

హేఫీల్డ్‌లో ఇప్పుడు కార్లు పెడతారు

రైలే పల్లెల్ని పాడుచేసింది, ఇప్పుడు అదే పల్లె నడకకి తోడంటే ఎలా అని ఒక స్నేహితురాలు అంది. ఆ మాట పాతదే. 1844లో ఉత్తర ఇంగ్లండు సరస్సుల సీమలో కెండల్ నుంచి విండర్‌మియర్‌కి లైను వేస్తామన్నప్పుడు కవి వర్డ్స్‌వర్త్ పత్రికకి ఉత్తరాలు రాసి, పద్యం రాసి మరీ వ్యతిరేకించాడు. మిల్లుల్లో పనిచేసే జనాన్ని గుంపులుగా తెచ్చి సరస్సుల దగ్గర కుమ్మరిస్తే వాళ్లకీ మేలు జరగదు, ఆ చోటుకీ మేలు జరగదు అని ఆయన వాదన. ఆయన ప్రేమని శంకించను. కానీ 1847లో ఆ లైను వచ్చింది, విండర్‌మియర్ దగ్గరే ఆగింది, సరస్సులు ఉన్నచోటే ఉన్నాయి. ఆ స్టేషన్ ఎదుట రోడ్డు దాటితే ఓరెస్ట్ హెడ్ అనే గుట్టకి బాట ఉంది. 240 మీటర్లు కూడా లేని గుట్ట. 1930లో బ్లాక్‌బర్న్ అనే మిల్లుల ఊరి నుంచి వచ్చిన 23 ఏళ్ల కుర్రాడు దాన్నెక్కి, ఎదురుగా పరుచుకున్న కొండల్ని చూసి, తన బతుకంతా వాటికే ఇచ్చేశాడు. ఆయన ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్. కారు నడపడం ఎన్నడూ నేర్చుకోలేదు. బస్సుల్లో వెళ్లి వెళ్లి 214 కొండల దారులు చేత్తో గీసి పుస్తకాలు వేశాడు. ఎవరికి మేలు జరగదని వర్డ్స్‌వర్త్ అనుకున్నాడో సరిగ్గా ఆ జనంలోంచే వచ్చాడు ఆ మనిషి.

నాకు బాధ కలిగించేది ఇంకో సంగతి. ఇంగ్లండులోనే హేఫీల్డ్ అని ఒక ఊరు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి, జమీందార్ల వేట భూముల్లోకి, మాకూ నడిచే హక్కుందంటూ కొన్ని వందలమంది కార్మికులు కలిసి ఎక్కింది ఆ ఊరి దగ్గరి నుంచే. ఆ రోజుల్లో ఆదివారం వస్తే మాంచెస్టర్ నుంచి రైళ్ల నిండా నడిచేవాళ్లు ఆ స్టేషన్లో దిగేవాళ్లు. 1963లో బ్రిటన్ రైళ్ల నష్టాలు తగ్గించడానికి వచ్చిన బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు మూసెయ్యమంది. హేఫీల్డ్ లైను 1970 జనవరిలో మూతపడింది. స్టేషన్ ఉన్న చోట ఇప్పుడు కార్లు పెట్టుకునే స్థలం ఉంది. కొండ ఎక్కే హక్కు కోసం జైలుకి పోయినవాళ్లున్నారు ఆ గుంపులో. హక్కు మిగిలింది, అక్కడికి తీసుకెళ్లే రైలు మిగల్లేదు.

మూసేసిన లైన్లు కూడా నడకకే పనికొస్తున్నాయి కదా అని అడగవచ్చు. నిజమే. పట్టాలు తీసేసిన చదును కట్ట మీద పిల్లలతో, చక్రాల కుర్చీతో, సైకిలుతో హాయిగా వెళ్లవచ్చు. 1968లో ఆగిపోయిన లైను మీద ఇప్పుడు ఇంగ్లండులో మోన్సల్ ట్రెయిల్ అనే బాట ఉంది, 2011 నుంచి దాని సొరంగాల్లోంచి కూడా నడవనిస్తున్నారు. మెట్లూ గట్లూ ఎక్కలేనివాళ్లకి అది పెద్ద వరం, ఆ మాట ఒప్పుకుంటాను. నేను చెప్పే నడకలు అందరి కాళ్లకీ కుదరవు, ఎన్నో స్టేషన్లలో ప్లాట్‌ఫామ్ దాటడానికే మెట్ల వంతెన ఎక్కాలి. కానీ రైలు తీసేసి దాని దారిలో నడవడానికి కారులో రావడం మనసుకి ఎక్కడో గుచ్చుకుంటుంది.

తీసెయ్యనివి కూడా ఉన్నాయి. ఉత్తర ఇంగ్లండులో సెటిల్ నుంచి కార్లైల్‌కి 72 మైళ్ల లైను. 1970లో దాని మీద రెండు స్టేషన్లు తప్ప పల్లె స్టేషన్లన్నీ మూసేశారు. 1975లో అక్కడి జాతీయ ఉద్యానవనం వాళ్లు నడిచేవాళ్ల కోసం కొన్ని వారాంతాల్లో ప్రత్యేకం రైళ్లు నడపడం మొదలుపెట్టారు, మూసిన ఆ ప్లాట్‌ఫామ్‌ల మీద మళ్లీ మనుషులు దిగారు. 1986లో ఆ స్టేషన్లలో ఎనిమిది మామూలు రైళ్లకి కూడా తెరుచుకున్నాయి. మొత్తం లైనే మూసేస్తామన్నప్పుడు వేలమంది అభ్యంతరం రాశారు. 1989 ఏప్రిల్‌లో ప్రభుత్వం మూసే ఆలోచన మానుకుంది. ఆ అభ్యంతరాల్లో ఒకదాని మీద కుక్క పంజా ముద్ర ఉంది. టికెట్ కొని ప్రయాణించే కుక్క అది, పేరు రస్వార్ప్. దాని యజమాని గ్రాహం నట్టల్, లైను కాపాడే సంఘానికి మొదటి కార్యదర్శి.

నడిచేవాళ్లు దిగితేనే కొన్ని స్టేషన్లు బతుకుతాయి. ఆ స్టేషన్లుంటేనే ఆ నడకలుంటాయి. తూర్పు జపాన్ రైల్వే వాళ్లకి ఇది బాగా తెలుసు. స్టేషన్ నుంచి నడక అనే పేరుతో వాళ్లే దారులు వేసి, ఏ స్టేషన్లో మొదలై ఏ స్టేషన్లో ముగుస్తుందో చెప్పి జనాన్ని పిలుస్తారు.

రెండు పేర్లు

ఆ నట్టల్ కథ అక్కడితో అయిపోలేదు. మిగతాది చదివిన రోజు నుంచి నా నమ్మకంలో ఒక మెలిక పడింది.

లైను దక్కిన ఏడాదిలోపే, 1990 జనవరిలో, ఆయన రస్వార్ప్‌ని వెంటబెట్టుకుని వేల్స్‌లోని లాండ్రిన్‌డోడ్ వెల్స్‌కి రైలెక్కాడు. ఒక్క రోజు నడకకే, తిరుగు టికెట్టుతో సహా. తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో కొండల్లో ఒక వాగు పక్కన ఆయన శవం దొరికింది. పదకొండు వారాల చలికాలం పొడుగునా ఆ 14 ఏళ్ల ముసలి కుక్క ఆయన పక్కనే ఉంది. దాన్ని కొండ మీంచి మోసుకుని దించాల్సి వచ్చింది. యజమాని అంత్యక్రియలదాకా బతికింది. ఇప్పుడు గార్స్‌డేల్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద దాని కంచు విగ్రహం ఉంది.

కారు ఒక పని చేస్తుంది, అది నేనెప్పుడూ ఆలోచించలేదు. మనిషి తప్పిపోతే, చీకటి పడ్డాక కూడా ఎక్కడో ఒక చోట ఖాళీగా నిలబడి ఉంటుంది. ఎవరో ఒకరు చూస్తారు, ఇక్కడి నుంచే వెళ్లి ఉంటారని వెతుకుతారు. రైలు దిగి నడిచినవాళ్ల వెనక అలాంటి గుర్తేమీ మిగలదు. రైలు దించి ముందుకి పోతుంది. ఏ స్వేచ్ఛ గురించి ఇందాకటి నుంచి చెబుతున్నానో, దాని అవతలి ముఖం ఇది.

ఒంటరిగా నడిచే ఆడదాన్ని కాబట్టి నాకు ఇంకో లెక్క కూడా ఉంది. మనిషన్నవాడు లేని స్టేషన్లో, చీకటి పడుతుండగా, ఇరవై నిమిషాలు కూర్చోవడం ఎలా ఉంటుందో మగవాళ్లకి చెబితే సగమే అర్థమవుతుంది. పగలంతా తోడనిపించిన నిశ్శబ్దం అక్కడ వేరేలా వినిపిస్తుంది. ఒకసారి ప్లాట్‌ఫామ్ అవతలి కొసన ఎవరో ఒకతను అటూ ఇటూ నడుస్తూ ఉన్నాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నా వైపు చూడలేదు కూడా. అయినా రైలు దీపం కనిపించేదాకా టెన్షన్‌తో నా చేతి వేళ్లు సంచీ పట్టీకి బిగుసుకునే ఉన్నాయి. పాపం అతను కూడా నాలాగే రైలు కోసం వచ్చినవాడే. ఇలాంటి సాయంత్రాలు వద్దనుకునే వాళ్లని కారు మానెయ్యమని చెప్పే హక్కు నాకు లేదు.

నేను మాత్రం మానలేదు. రెండు నియమాలు పెట్టుకున్నాను. మొదటిది, చివరి రైలు నా రైలు కాదు. దానికి ముందుదే నాది. చివరిది ఎప్పుడూ చేతిలో మిగిలి ఉండాలి, అమ్మ మోకాలికీ, వానకీ, దారి తప్పడానికీ. ఆ ముందు రైలుకి కుదరకపోతే దారి పొట్టిది చేసుకుంటాను. ఇంకో మాట, ఎంత ఆలస్యమైనా పట్టాల మీదుగా అడ్డంపడి పోను. పట్టాల పక్కన నడిస్తే రెండు కిలోమీటర్లు కలిసొస్తుందని మ్యాపు ఆశ పెడుతుంది. వెనక నుంచి వచ్చే రైలు చప్పుడు ఎంత దగ్గరికి వస్తే గానీ వినపడదో ప్లాట్‌ఫామ్ మీద నిలబడి గమనించిన వాళ్లెవరూ ఆ పని చెయ్యరు.

రెండో నియమం, బయల్దేరే ముందు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించడం. ఎక్కడ దిగుతానో ఆ స్టేషన్ పేరు, ఎక్కడ ఎక్కుతానో ఆ స్టేషన్ పేరు, ఆ రైలు టైము. కింద ఒక గీత గీసి, ఏ టైముకల్లా ఫోన్ రాకపోతే కంగారుపడాలో అది. మొదట్లో అమ్మ ఆ కాగితం వైపు చూసేది కూడా కాదు. ఇప్పుడు సాయంత్రం నేను వచ్చాక దాన్ని తనే తీసి, చించి చెత్తబుట్టలో వేస్తుంది. వేసేదాకా ఊరుకోదు.

మా తమ్ముడికి జవాబు నిన్న రాత్రి పంపాను. రెండు స్టేషన్ల పేర్లు, పొద్దున 8:10 రైలు, సాయంత్రం 4:35 రైలు. దిగేచోట ప్లాట్‌ఫామ్ పొట్టిది కాబట్టి ముందు పెట్టెల్లోనే కూర్చోమన్నాను. దిగాక వంతెన ఎక్కకుండా గేటులోంచి ఎడమకి పొమ్మన్నాను. పాప కూడా వస్తుంది కాబట్టి నెయిస్మిత్ లెక్కకి గంటన్నర కలిపి, మధ్యలో ఎక్కడ ఆగాలో రాశాను. చాలాసేపు చదివినట్టున్నాడు. తర్వాత అడిగాడు: "మరి తిరిగి రావడం ఏ దారిన అక్కా?"

"తిరిగి రావడం లేదురా. ముందుకే" అని రాసి, ఆ కాగితం ఒకటి వాళ్లావిడ చేత ఫ్రిజ్ మీద పెట్టించమన్నాను.